లొంగనిది మందులకే, చికిత్సకు కాదు

ముందుగా ఒక మనవి. నేను వైద్యుడను కాను. ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన భాషా పండితుడను. రోగాన్ని గూర్చి తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. మాటను గూర్చి మాట్లాడే అధికారం మాత్రం కొంత ఉన్నదనుకుంటాను. ఒక మాటను తప్పుగా అర్థం చేసుకొని ఎన్నో కుటుంబాలు బిడ్డల బ్రతుకులను పాడుచేసుకుంటూ ఉంటే చూచి ఊరకుండలేక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ మాట "మందులకు లొంగని మూర్ఛ".

ఈ పదబంధంలో "కు" అనే ప్రత్యయం ఎక్కడ చేరినదో చూడండి. "మందులు" అనే మాటకు చేరినది. "చికిత్స" అనే మాటకు చేరలేదు. మందు చికిత్సలో ఒక భాగం మాత్రమే. ఈ రెండూ పర్యాయపదాలు కావు. అయినా వైద్యుడు "మందులకు లొంగడం లేదు" అనగానే ఇంటివారికి "ఇక ఇది నయం కాదు" అని వినబడుతుంది. మన ఆయుర్వేదం వ్యాధులను సాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించినది. పరీక్షించి చూడకుండానే రోగిని అసాధ్యాల వరుసలో కూర్చోబెట్టడం ఏ శాస్త్రం చెప్పిన పద్ధతి?

అసలు "మూర్ఛ" అన్న పేరే సరిపోదు. మూర్ఛ అంటే సొమ్మసిల్లడం. ఈ వ్యాధి వచ్చిన ప్రతివాడూ కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకోడు. ఒకడు ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తాడు, పెదవులు చప్పరిస్తాడు, చొక్కా గుండీలు తడుముకుంటాడు. రెండు నిమిషాల తర్వాత తనకేమీ తెలియదంటాడు. స్మృతి తొలగిపోవడం కనుక "అపస్మారం" అని పూర్వులు పెట్టిన పేరే దీనికి తగినది. అటువంటి పిల్లవాడిని తరగతిలో "పరధ్యానం" అని బెత్తంతో కొట్టిన ఉపాధ్యాయులను నేనెరుగుదును.

ఇక ఎన్ని మందులు వాడిన తర్వాత "లొంగలేదు" అనాలి? ఐదా? పదా? దీనికి లెక్క ఉన్నది. అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిరోధక సమితి 2010లో నిర్వచనం ఇచ్చినది. ఆ రకపు వ్యాధికి తగినవిగా ఎంచుకొన్న రెండు మందులను, ఒక్కొక్కటిగా గాని కలిపి గాని, తగిన మోతాదులో, రోగి తట్టుకొనేటట్లు వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే అది మందులకు లొంగని వ్యాధియే. రెండు మందులు! పదేళ్లు కాదు, పన్నెండు చీటీలు కాదు.

ఈ "రెండు" ఎక్కడినుండి వచ్చినది? స్కాట్లాండులోని గ్లాస్గో వైద్యులు 2000లో ప్రకటించిన పరిశీలన చూడండి. అంతకుముందు మందు ఎరుగని 470 మంది రోగులలో మొదటి మందుతో 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయినవి. రెండవ మందుతో మరి 13 శాతం మందికి ఆగినవి. మూడవ మందును ఒంటరిగా వాడితే బాగుపడినవారు 1 శాతం. రెండు మందులు కలిపి వాడితే మరో 3 శాతం. అంటే రెండు మందులు విఫలమైన తర్వాత మూడవ మందుతో పూర్తిగా బాగుపడే అవకాశం బహుస్వల్పం. ఈ సంగతి తెలిసి పాతికేళ్లయినా "ఈ కొత్త మందు ఆరు నెలలు వాడి చూద్దాం" అన్న మాట ఎన్ని ఇళ్లలో ఎన్నిసార్లు వినబడుతున్నదో!

మా చెల్లెలి కుమారుని సంగతి చెబుతాను. వానికి తొమ్మిదవ యేట మొదలైనది. పదకొండేళ్లలో ఐదు మందులు మారినవి. ఒక పట్టణంలోని పేరున్న ఆసుపత్రిలోనే ఏళ్ల తరబడి చూపించారు. ప్రతిసారీ కొత్త చీటీయే గాని, ఈ వ్యాధి కోసమే ప్రత్యేకంగా తీసే ఎం.ఆర్.ఐ. తీయించమని గాని, వీడియో ఇ.ఇ.జి. చేయించమని గాని ఎవరూ చెప్పలేదు. వాడు పదవ తరగతి రెండుసార్లు తప్పినాడు. ఒకసారి పొయ్యి దగ్గర ఫిట్స్ వచ్చి చేయి కాలినది. ఇరవయ్యవ యేట మరొకచోట ఆ పరీక్షలు చేస్తే మెదడులో కణత వైపు భాగాన, హిప్పోక్యాంపస్ అనే చోట మచ్చ కనబడినది. శస్త్రచికిత్స చేశారు. ఫిట్స్ ఆగినవి. సంతోషమే. కాని ఆ పదకొండేళ్లు వానికి ఎవరు తెచ్చి ఇస్తారు? నా ఆగ్రహమంతా ఆ పదకొండేళ్ల మీదనే.

"మెదడు కోయడమా! పిచ్చివాడైపోడూ?" అంటారు బంధువులు. వారి భయం సహజమే. కాని భయానికి అంకెలతో సమాధానం ఉన్నది. కెనడాలో 2001లో ప్రకటితమైన పరీక్షలో మందులకు లొంగని 80 మందిని రెండు సమాన వర్గాలుగా విభజించారు. ఏడాది తర్వాత, స్పృహను చెడగొట్టే ఫిట్స్ లేనివారు శస్త్రచికిత్స వర్గంలో 58 శాతం, మందుల వర్గంలో 8 శాతం. పైగా చనిపోయిన ఒక్క రోగి మందుల వర్గంలోనివాడే. మన దేశంలోనే, ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లలపై జరిగిన పరీక్ష 2017లో వెలువడినది. ఏడాదికి ఫిట్స్ లేనివారు శస్త్రచికిత్స వర్గంలో 77 శాతం, మందుల వర్గంలో 7 శాతం. శస్త్రచికిత్స పొందినవారిలో మూడింట ఒక వంతుకు తీవ్రమైన ఇబ్బందులు కలిగినవి. ఒకవైపు బలహీనత వంటివి కొన్ని ముందే ఊహించినవి. ఈ మాట దాచడం అన్యాయం కనుక చెబుతున్నాను. కాని శస్త్రచికిత్సకు మాత్రమే ప్రమాదం ఉన్నదని, ఆగని ఫిట్స్‌కు లేదని అనుకోవడం అంతకంటె పెద్ద అన్యాయం. మూర్ఛవ్యాధి ఉన్న పెద్దలలో ఏటా వెయ్యికి ఒకరు చొప్పున హఠాత్తుగా, చాలామంది నిద్రలోనే, మరణిస్తున్నారని వైద్యుల అంచనా. ఫిట్స్ ఆగనివారిలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఊరకుండడం కూడా ఒక నిర్ణయమే, దానికీ మూల్యం ఉన్నది.

అందరికీ శస్త్రచికిత్స పనికిరాదు. ఫిట్స్ ఒకే చోట పుట్టాలి, ఆ చోటు తీసినా మాట, కదలిక, జ్ఞాపకం నిలవాలి. కానివారికి ఇతర మార్గాలున్నవి. అన్నం వంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచే కీటోజెనిక్ ఆహారం 1921 నుండి వాడుకలో ఉన్నది. దానిని వైద్యుని పర్యవేక్షణలోనే పాటించాలి. మెడలోని వేగస్ నాడికి విద్యుత్ ప్రేరణనిచ్చే పరికరమూ ఉన్నది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో 1995 నుండి ఈ వ్యాధికి శస్త్రచికిత్సలు జరుగుతున్నవి. మన హైదరాబాదు నిమ్స్‌లోనూ జరుగుతున్నవి. ఇవి దూరదేశపు వింతలు కావు.

ఇంకొక సంగతి. "లొంగలేదు" అన్న కేసులన్నీ నిజంగా లొంగనివి కావు. ఉపవాసమని, ప్రయాణమని, మాత్రలు అయిపోయినవని మోతాదులు తప్పిస్తారు. పెళ్లి సంబంధం చూస్తున్నారని ఆడపిల్ల చేత మాత్రలే మాన్పిస్తారు. (మూర్ఛవ్యాధిని హిందూ వివాహ చట్టంలోని అనర్హతల నుండి 1999లోనే తొలగించారు. చట్టం మారినా మన చుట్టాలు మారలేదు.) పరీక్షల ముందు పిల్లల చేత రాత్రంతా చదివిస్తారు. నిద్ర చాలకపోవడం ఫిట్స్‌ను పిలిచి తెచ్చుకోవడమే. కొన్నిచోట్ల మందే తగనిది. ఉదయం లేవగానే చేతులు ఉలికిపడే ఒక రకం వ్యాధిలో కార్బమజెపైన్ వంటి మందులు ఫిట్స్‌ను పెంచవచ్చు. కొన్నిసార్లు అది మూర్ఛవ్యాధే కాదు, మానసిక వేదన ఆ రూపంలో బయటపడుతుంది. ఇవన్నీ తేల్చవలసినది నిపుణుడు. ఆయనకు సాయంగా ఫిట్స్ వచ్చినప్పుడు సెల్‌ఫోనులో వీడియో తీయండి. చేతిలో తాళంచెవి పెట్టడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం మానండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.

నకిలీ వైద్యుల పొట్లాలను గూర్చి వేరే చెప్పనక్కరలేదు. నాకు కోపం వారిమీద కంటె చదువుకొన్నవారి ఉదాసీనత మీదనే ఎక్కువ. పొట్లమిచ్చేవాడు అబద్ధం చెబుతాడు. తెలిసినవాడు నిజాన్ని సగమే చెప్పి ఊరకుంటున్నాడు.

కావున ఇంటిలో ఇటువంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు నా విన్నపం. వైద్యుని వినయంగానే, కాని గట్టిగా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ రకపు మూర్ఛవ్యాధి? ఇంతవరకు తగిన మోతాదులో వాడిన మందులెన్ని? రెండు దాటితే, శస్త్రచికిత్సా కేంద్రానికి ఎప్పుడు పంపుతారు? మూడవ ప్రశ్నకు జవాబు రాకపోతే కాగితాలన్నీ తీసుకొని అటువంటి కేంద్రానికి మీరే వెళ్లండి. అంతవరకు మాత్రలు మాత్రం మానకండి.