రాత్రి కొలువుకు రక్షణ ఏది?

కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో బీడీలు చుట్టి బిడ్డను డిగ్రీ చదివించిన తల్లులు ఎందరో ఉన్నారు. ఆ తల్లికి ఒక చట్టం ఉండేది. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం అది. ఇంటి అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకొని పనిచేసినా ఆమె కార్మికురాలే అని ఆ చట్టం ఒప్పుకున్నది. గుర్తింపు కార్డు, పీఎఫ్ ఊరికే రాలేదు. టేకేదార్ల మీద, కార్ఖానాల ముందట కొట్లాడితే వచ్చినయి. మరి ఆమె చదివించిన బిడ్డ ఇయ్యాల హైదరాబాదులో హాస్టల్ గదిలో ఉండి, రాత్రి తొమ్మిదికి క్యాబ్ ఎక్కి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, తనది కాని పేరుతో అమెరికావాడికి జవాబు చెప్తున్నది. ఆ బిడ్డకు ఏ చట్టం ఉన్నది?

చట్టం లేక కాదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉన్నది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని అందులో రాసి ఉన్నది. సరైన కారణం, నెల రోజుల నోటీసు లేదా నెల జీతం లేకుండా, ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తీసెయ్యరాదని 47వ సెక్షన్ చెప్తున్నది. అయితే ఐటీ, ఐటీ ఆధారిత సంస్థలకు పనిగంటలు, సెలవులు, తొలగింపు సెక్షన్ల నుంచి మినహాయింపు ఇచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ మినహాయింపును తెలంగాణ వచ్చినంక కూడా సర్కారు పొడిగిస్తూ వచ్చింది. వారానికి 48 గంటలు దాటరాదు, ఆడవాళ్లకు రవాణా, భద్రత కల్పించాలి అన్న షరతులు పెట్టామంటారు. అవి అమలవుతున్నయో లేదో చూసేందుకు రాత్రి రెండు గంటలకు ఏ అధికారి గచ్చిబౌలికి పోతడు? 2025 జూలైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని మరో ఉత్తర్వు వచ్చింది. వారానికి 48 గంటల పరిమితి అట్లనే ఉంచారు, నిజమే. కానీ పది గంటల షిఫ్టుకు ముందూ వెనకా క్యాబ్‌లో గడిచే గంటలు ఎవరి లెక్కలోనూ లేవు.

కాల్ సెంటర్‌లో పని లాగిన్‌తో మొదలైతది. సిస్టమ్ మొరాయిస్తే ఆ నిమిషాలు పిల్లల ఖాతాలోనే పోతయి. ఒక కాల్‌ను ఎన్ని నిమిషాల్లో ముగించాలో లెక్క ఉంటది. బాత్‌రూమ్‌కు పోయినా బ్రేక్ బటన్ నొక్కి పోవాలె. ప్రతి మాటా రికార్డు అయితది. అవతలివాడు తల్లిని తిట్టినా గొంతు మారితే క్వాలిటీ మార్కులు పోతయి. వీవీ గిరి జాతీయ కార్మిక సంస్థ పరిశోధకుడు బాబు పి. రమేశ్ నోయిడా కాల్ సెంటర్లను పరిశీలించి 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో వీళ్లను 'సైబర్ కూలీలు' అన్నడు. ఏసీ గదిలో కూర్చున్నంత మాత్రాన కూలి కాకుండా పోడని ఇరవై ఏండ్ల కిందనే తేలింది. మెడలో ట్యాగు చూసి మురిసిన మనకే ఆ సంగతి తలకెక్కలేదు.

భద్రత మాటకొస్తే, ఆడబిడ్డల ప్రాణాలు పోయినంకనే సర్కార్లు కదిలినయి. 2005 డిసెంబరులో బెంగళూరులో, 2007 నవంబరులో పుణెలో కాల్ సెంటర్ ఉద్యోగినులను క్యాబ్‌లలో తీసుకుపోయి చంపేశారు. 2013 అక్టోబరులో మన హైదరాబాదులోనే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని క్యాబ్‌లో ఎత్తుకుపోయి అఘాయిత్యం చేశారు. మరుసటేడు షీ టీమ్స్ వచ్చినయి. ఇట్లాంటివి జరిగినప్పుడల్లా ఆడపిల్లకు రాత్రి కొలువెందుకు అనే పెద్దమనుషులు లేస్తారు. వాళ్లకు మనం చెప్పేదొక్కటే: తొవ్వ మంచిగ లేకుంటే తొవ్వ బాగుచేయాలె గానీ బిడ్డ కాళ్లు కట్టేయొద్దు.

దీని కన్నా తక్కువ చర్చ జరిగిన మరో ప్రమాదం ఉన్నది. 2020 డిసెంబరులో ఆన్‌లైన్ లోన్ యాప్‌ల వేధింపులకు జనం ప్రాణాలు తీసుకుంటుంటే హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. లోపల వందల మంది టెలికాలర్లు దొరికిండ్రు. అప్పు కట్టనోళ్లను, వాళ్ల చుట్టాలను బెదిరించే ఫోన్లు చేసింది వీళ్లే. తప్పు తప్పే, బాధితుల గోస చిన్నది కాదు. అయితే తెరముందట పడ్డ స్క్రిప్టును చదివినోళ్లెవరు, దాన్ని రాసి లాభాలు దేశం దాటించినోళ్లెవరు? నియామక పత్రం కూడా లేని కొలువులో కేసు మాత్రం సొంత పేరు మీద వస్తది. గల్ఫ్ ఏజెంట్ల మోసాలు చూసిన కామారెడ్డి ఇప్పుడు థాయ్‌లాండ్ ఏజెంట్లను గమనించాలె. డేటా ఎంట్రీ, కస్టమర్ కేర్ ఉద్యోగమని తీసుకుపోయి మయన్మార్‌లో సైబర్ మోసాలు చేయించిన ముఠాల నుంచి బయటపడ్డ ఐదు వందల మందికి పైగా భారతీయులను 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో తీసుకురావలసి వచ్చింది.

ఇగ యాజమాన్యాల పాత పాట: హక్కులంటే కంపెనీలు పోతయి, ఫిలిప్పీన్స్ పోతయి. ఈ బెదిరింపు వట్టిదేమీ కాదు. 1968లో కేరళ బీడీ చట్టాన్ని అమలు చేయబోతే మంగళూరు యజమానులు కన్నూరులో పని మూసేశారు. వేల మంది రోడ్డున పడ్డరు. అప్పుడు కేరళ చట్టాన్ని వెనక్కి తీసుకోలేదు. 1969లో దినేశ్ బీడీ సహకార సంఘాన్ని నిలబెట్టింది. ఇక ఫిలిప్పీన్స్ సంగతి. అక్కడి లేబర్ కోడ్ ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చేసే పనికి కనీసం 10 శాతం అదనపు కూలి ఇవ్వాలె. 1975 నుంచి పదమూడో నెల జీతం చట్టబద్ధం. ఏ దేశాన్ని చూపి మన పిల్లలను భయపెడుతున్నరో, ఆ దేశంలో ఉన్న హక్కు ఇక్కడ లేదు. రాత్రి పనికి ఇంత అదనమని మన చట్టంలో ఎక్కడున్నది?

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినయి. తల్లి బీడీ చట్టం కూడా అందులోనే కలిసింది. నియామక పత్రం తప్పనిసరి అన్నరు, తీసేస్తే రెండు పనిదినాల్లో బాకీ జీతం ఇవ్వాలన్నరు. ఇవి పనికొచ్చేవే, వాడుకోవాలె. కానీ 300 మంది లోపు సంస్థలకు స్టాండింగ్ ఆర్డర్లు లేవు. తనిఖీ అధికారి పేరు 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అయింది. ఎవరికి సాయం చేస్తడో చూడాలె. సూపర్‌వైజరు జీతం నెలకు 18,000 దాటితే కార్మికుడే కాదన్నరు. 'టీమ్ లీడర్', 'ఎగ్జిక్యూటివ్' అని పేర్లు పెట్టేది ఎందుకో ఇప్పుడైనా అర్థం కావాలె. ఉద్యోగి కార్మికుడా కాదా అనేది చేసే పనిని బట్టి తేలాలె, ట్యాగు మీద రాసినదాన్ని బట్టి కాదు.

2000ల మధ్యలో పల్లె బీపీవోల ముచ్చట మొదలైనప్పుడు బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల ఈతకోట, జల్లికాకినాడలో కేంద్రాలు పెట్టింది. తెలంగాణ సర్కారు 2016లో గ్రామీణ టెక్నాలజీ కేంద్రాల విధానం ప్రకటించింది. 2023 ఆగస్టులో నిజామాబాద్‌కు ఐటీ హబ్ వచ్చింది. 2016లోనే జిల్లా అయిన కామారెడ్డికి కూడా కావాలని అడగడం న్యాయమే. రైలు ఉన్నది, 44వ నంబరు జాతీయ రహదారి ఉన్నది, భిక్కనూరులో తెలంగాణ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ ఉన్నది. ఎల్లారెడ్డి పిల్లలు పొద్దుగూకే సరికి ఇంటికి చేరే కొలువు దొరికితే అంతకన్నా ఏం కావాలె? అయితే హబ్ అడిగేటోళ్లు అదే వినతిపత్రంలో ఇంకో నాలుగు వాక్యాలు రాయాలె. 47వ సెక్షన్ మినహాయింపు రద్దు చేయాలని, రాత్రి పనికి అదనపు జీతం నిర్ణయించాలని, ఒరిజినల్ సర్టిఫికెట్లు గుంజుకునే సంస్థల మీద కేసు పెట్టాలని, క్యాబ్ ఎక్కిన క్షణం నుంచే షిఫ్టు లెక్కించాలని. మినహాయింపు పొడిగించే ఫైలు ఈసారి సచివాలయంలో కదిలే నాటికి ఆ కాగితం అక్కడ ఉండాలె. ఉద్యోగ సంఘాల నాయకులు, విద్యార్థి సంఘాలు దాని మీద సంతకాలు సేకరించే పని ఈ నెలలోనే కాలేజీ గేట్ల కాడ మొదలుపెట్టాలె.