పాత పెట్టెకు కొత్త ప్రాసెసర్

సంక్రాంతికి మా వల్లూరు వెళ్లాను. తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉంది మా ఊరు. తాలూకాకు దాదాపు మూడు వైపులా ఆంధ్ర సరిహద్దే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ.

కాఫీ గ్లాసు కింద పెట్టకముందే బావ పంచాయితీ మొదలుపెట్టాడు.

"ఏమప్పా, నువ్వు బెంగళూర్లో కంప్యూటర్ల మధ్యనే బతుకుతా ఉండావు. నీ అల్లునికి నువ్వే చెప్పాల. ఆ పెట్టె పాతదైపోయిందంట, కొత్తది కావాలంట. డెబ్బై ఎనిమిది వేలంట!"

మేనల్లుడు తలుపు దగ్గర నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. అక్క వంటింట్లోంచే, "ఆటలకు కాదులే, చదువుకూ కావాలంట" అంది. కొడుకు కేసు వాదించడంలో ఆమెను మించిన వకీలు లేదు.

ఆ డెబ్బై ఎనిమిది వేలు ఎక్కడివో చెప్పాలి. పావగడ సోలార్ పార్కు గురించి వినే ఉంటారు. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, మా వల్లూరు, ఈ ఐదూళ్ల పొలాల్లో సుమారు 13,000 ఎకరాల మీద 2,050 మెగావాట్ల పలకలు పరిచారు. భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి నూటికి ఐదు పెంపు. వానలు మొహం చాటేసిన నేల మాది. బావ చెనిక్కాయ వేసి అప్పులపాలైన తన ఐదెకరాలూ ఇచ్చేశాడు. 2018లో తొలి కౌలు డబ్బు చేతికందిన ఊపులో, మారాం చేస్తున్న పిల్లవాడికి ఆ కంప్యూటర్ కొన్నాడు. ఇప్పుడు అడుగుతున్నది ఏడాది కౌలులో సగానికి పైనే. బావకు కోపం రావడంలో తప్పేముంది?

"ముందు పెట్టె చూద్దాం పద" అన్నాను.

అందులో ఉన్నవి ఇవి: 2017లో వచ్చిన రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, డీడీఆర్4 మెమరీ, జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. వాడు స్నేహితులతో ఆడేది కౌంటర్-స్ట్రైక్ 2. ఆట మధ్యలో గుంపుగా మనుషులు కనపడగానే బొమ్మ తడబడుతోంది.

ఇలాంటప్పుడు చాలామంది నేరుగా దుకాణానికి పరిగెత్తుతారు. ఆగండి. యంత్రంలో ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారో తెలుసుకోవాలి ముందు. ఆటలో ఎవడు ఎటు కదిలాడు, తూటా ఎక్కడ తగిలింది అన్న లెక్కలు ప్రాసెసర్‌వి. ఆ లెక్కను బొమ్మగా గీయడం గ్రాఫిక్స్ కార్డు పని. తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆటలో రిజల్యూషన్ బాగా తగ్గించండి. సెకనుకు వచ్చే ఫ్రేములు పెరిగాయా, అప్పటిదాకా కార్డే వెనకబడిందన్నమాట. పెరగలేదా, ప్రాసెసర్ దగ్గరే ఆగుతోంది. మావాడిది తగ్గించి చూశాం. అంకె కదల్లేదు.

కాబట్టి ప్రాసెసరే మార్చాలి. కానీ ప్రాసెసర్ మార్చాలంటే పెట్టె మొత్తం మార్చాలని మావాడికి ఎవరో నూరిపోశారు. ఒక్కోసారి అది నిజమే. 2022లో వచ్చిన ఏఎమ్5 సాకెట్‌కు మారితే బోర్డు కొత్తది కావాలి, మెమరీ డీడీఆర్5 కావాలి. 2025 చివర్లో మెమరీ ధరలు ఎలా మండిపోయాయో కొన్నవాళ్లకు తెలుసు. కానీ వీడి బోర్డులో ఉన్నది ఏఎమ్4 సాకెట్. 2022లో కంపెనీ వాళ్లు ఈ పాత 300 వరస బోర్డులకు కూడా రైజెన్ 5000 వరస ప్రాసెసర్లు పెట్టుకునే వీలు కల్పించారు. బోర్డు తయారీదారు బయాస్ కొత్తది ఇచ్చి ఉంటే చాలు. వెతికితే వీడి బోర్డుకు ఇచ్చారు. రైజెన్ 5 5600 అయితే పదివేల చుట్టుపక్కల పోతుంది.

కాగితం మీద రెండింటి వివరాలూ రాసి చూపించగానే మావాడి మొహం వాడిపోయింది.

"దీనికీ ఆరు కోర్లే, దానికీ ఆరే. ఇదీ అరవై ఐదు వాట్లే, అదీ అంతే. మారేదేముంది మామా?"

మంచి ప్రశ్న. బావకు కూడా అర్థం కావాలని ఇలా చెప్పాను. పాతదాంట్లో ఆరుగురు అన్నదమ్ములు ముగ్గురేసి రెండిళ్లుగా వేరుపడ్డారు. ఇంటికో గాదె, ఒక్కోటి 8 మెగాబైట్లు. ఈ ఇంటివాడికి ఆ ఇంటి గాదెలో గింజ కావాలంటే వీధి దాటి వెళ్లి రావాలి. ఆటలో తడబాటుకు అదీ ఒక కారణం. కొత్తదాంట్లో ఆరుగురూ ఒకే ఇంట్లో, 32 మెగాబైట్ల ఒకే గాదె దగ్గర. పైగా ఒక్కొక్కడి చేతివేగమూ పెరిగింది, 3.6 గిగాహెర్ట్జ్ దాకా పోయేవాడు 4.4 దాకా పోతాడు. ఒక్కో తిప్పులో చేసే పనీ ఎక్కువే. బావ ఇదంతా విని, "కలిసుండే సంసారమన్నమాట" అన్నాడు. కోర్ల లెక్క చూసి మాత్రమే కొనేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అక్క మాటా నిజమే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. విండోస్ 11 వాళ్లు ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో 1600 లేదు, 5600 ఉంది. అయితే ఒక సంగతి మావాడికి గట్టిగానే చెప్పాను: కార్డు పాతదే కనుక, భారీ బొమ్మల కొత్త ఆటలు దీంతో పరుగులు పెట్టవని.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొని రెండు వారాల్లో మళ్లీ వెళ్లాను. అసలు గండం అప్పుడు మొదలైంది. కొత్తది పెట్టకముందే, పాత ప్రాసెసర్‌తో ఉండగానే బయాస్ మార్చాలి. ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే. ఊరి చుట్టూ అద్దాల సముద్రంలా పలకలున్నా, ఆ కరెంటు పెద్ద తీగల మీద ఎక్కడికో పోతుంది. ఇంట్లో కరెంటు మాత్రం చెప్పకుండా పోతుంది. వాడి యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. చివరికి పెట్టెను దుప్పట్లో చుట్టి, బైకు మీద ఇద్దరి మధ్యన పెట్టుకుని, పావగడలో తెలిసినవాళ్ల ఫొటో స్టూడియోకు వెళ్లాం. అక్కడ యూపీఎస్ ఉంది. తెర మీద శాతం పెరుగుతున్నంతసేపూ ఎవరం మాట్లాడలేదు. 61 దగ్గర ఫ్యాను ఆగి కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యిమంది. మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. అంకె 62 అయింది.

మీరూ చేయబోతుంటే ఇంకో జాగ్రత్త. ఈ ప్రాసెసర్ల అడుగున 1,331 సన్నని పిన్నులుంటాయి. ఏళ్లతరబడి ఎండిన పేస్టు కూలర్‌ను పట్టేసుకుని ఉంటుంది. నిలువునా లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి, ఆపేసి, ఆ వెచ్చదనం ఉండగానే కూలర్‌ను మెల్లగా ఇటూ అటూ తిప్పి తీయాలి.

ఇంటికొచ్చి ఆట పెట్టాం. తడబాటు లేదు. బావ పెట్టెను ముందు నుంచీ, వెనక నుంచీ చూసి, "దుడ్డు యాడ పెట్టినారప్పా? అట్లే ఉండాది కదా" అన్నాడు. మిగిలిన డబ్బులోంచి ముందు యూపీఎస్‌కు బ్యాటరీ కొనమని చెప్పి వచ్చాను.

పాత 1600 ఇప్పుడు కొత్తదాని డబ్బాలో, దేవుడి గూటి పక్కన ఉంది. తిరుమణిలో మావాడి స్నేహితుడికి అదే రకం బోర్డు మీద ఇంకా చిన్న ప్రాసెసర్ ఉందట, దీన్ని అడుగుతున్నాడు. ఊరికే ఇవ్వాలా, డబ్బులకా అన్నది తండ్రీ కొడుకుల మధ్య ఇంకా తేలలేదు.