మన లెక్క మనకు చూపుడు

అప్పిచ్చువానికి లెక్క యుండును. అప్పు పుచ్చుకొనువానికి జ్ఞాపకము మాత్రమే యుండును. లెక్కకును జ్ఞాపకమునకును తగవు వచ్చినప్పుడు గెలుచునది లెక్కయే. మన పల్లెల ఋణచరిత్రమంతయు ఈ చిన్న మాటలో నిమిడి యున్నది. పూర్వము షావుకారి పద్దుపుస్తకమును, కరణముగారి దప్తరమును జూచి రైతు జంకెడివాడు. 1984లో ఆంధ్రప్రదేశమున కరణీకము రద్దయ్యెను. షావుకారి స్థానమునకు చాలవరకు బ్యాంకు వచ్చెను. పద్దుపుస్తకము కంప్యూటరులోనికి ఎక్కెను. పుస్తకము మారినది, దానిని పట్టిన చేయి మారినది. అప్పుపడినవాడు దానిని చూపుమని అడుగరాదను ఆచారము మాత్రము మారలేదు. నిర్మూలింపవలసిన దురాచారములలో ఇదియు నొకటి యని మా దృఢాభిప్రాయము.

తాడిపత్రి ప్రాంతమునే తీసికొందము. ప్రక్కనే పెన్న యున్నది. కాని ఏడాదిలో చాల దినములు ఆ యేటిలో కనబడునది ఇసుకయే. అనంతపురము సీమలో ఏటికి సగటున కురియు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. దేశమున మిక్కిలి తక్కువ వాన పడు తావులలో అది యొకటి. వేరుసెనగ విత్తుటకు రైతు అప్పు చేయును. వాన తప్పినచో బోరు వేయించుటకు మరల అప్పు చేయును. నాపరాళ్ల కోతకును, నునుపుకును యంత్రము పెట్టుకొనువాడు అప్పు చేయును. ఇంటి యాడువారు పొదుపు సంఘముల మూలమున అప్పు తెత్తురు. అప్పులేని గడప యరుదైన ఈ సీమలో, అప్పుతోపాటు ఎవరును అడుగని వస్తు వొకటి ఇల్లు చొచ్చుచున్నది. అదియే ఋణబీమా. 1999 నాటి చట్టము బీమా వ్యాపారమును ప్రైవేటు కంపెనీలకు తెరచిన పిమ్మట బ్యాంకులు బీమా కంపెనీలకు ఏజెంట్లయినవి. అప్పిచ్చు బల్లయే బీమా అమ్ము బల్ల యైనది.

బీమా చెడ్డదని మేము చెప్పుట లేదు. ఇంటి పెద్ద కన్ను మూసినప్పుడు అప్పు భారము భార్యాబిడ్డల నెత్తిన పడకుండ కాపాడు సాధనము మంచిదే. కాని, కొనువానికి తెలియక అమ్మబడిన గొడుగు వానలో తెరచుకొనునా? అప్పు కావలసి వచ్చినవాని యెదుట ముప్పది పుటల కాగితములు పెట్టి, పెన్సిలుతో గుర్తులు పెట్టిన తావులందెల్ల సంతకములు చేయింతురు. వానిలో నొకటి బీమా దరఖాస్తు. 'ఇది లేనిదే అప్పు రాదు' అని నోటిమాటగా చెప్పుదురు. ఆ మాట ఏ కాగితముమీదను ఉండదు.

లెక్క వేసి చూతము. 3,00,000 రూపాయల అప్పు కోరినవానికి 15,000 రూపాయల బీమా అంటగట్టిరనుకొందము. ఆ సొమ్ము వానిచేత రొక్కముగా కట్టింపరు. అసలులో కలిపి 3,15,000 అని వ్రాయుదురు. ఏటికి నూటికి 12 వడ్డీ చొప్పున అయిదేండ్ల నెలవాయిదాలైనచో, ఆ 15,000 కొరకే వాడు నెలకు ఇంచుమించు 334 రూపాయలు చెల్లించును. అరువది వాయిదాలు ముగియునప్పటికి అది 20,000 దాటును. తాను కొనెనని యెరుగని వస్తువునకు వడ్డీ సయితము కట్టుచున్నాడు! అప్పును గడువునకు ముందే తీర్చివేసినచో, మిగిలిన కాలమునకు బీమా సొమ్ములో కొంత తిరిగి రాదగినట్టి పాలసీలును కలవు. పాలసీ యున్నదనియే తెలియనివాడు ఆ సొమ్ము నడుగుట యెట్లు?

ఇంతకంటె ఘోరమైనది మరియొకటి కలదు. నాపరాతి ధూళిలో ఇరువదియేండ్లు పనిచేసి, ఊపిరితిత్తులు చెడి దగ్గుచున్న కూలివానికి ఋణబీమా వ్రాసిరనుకొందము. 'నేను సంపూర్ణారోగ్యవంతుడను' అను వాక్యమునకెదుట టిక్కు పెట్టినది వాడు కాదు. కాగితము నింపిన గుమాస్తా. వాడు మరణించిన పిమ్మట కంపెనీవారు వైద్యుని చీటీలు తెప్పించి చూచి, 'రోగము దాచెను, సొమ్ము ఇయ్యము' అని త్రోసిపుచ్చవచ్చును. అప్పుడు ఆ టిక్కు పెట్టినదెవరో తేల్చునది ఆ మూల కాగిత మొక్కటే. అది బ్యాంకు బీరువాలోనో, కంపెనీ కంప్యూటరులోనో యుండును. సాక్ష్యము ప్రతివాది యింట దాచియున్న వ్యాజ్యమును పేదరాలు ఎట్లు గెలుచును?

దీనికి విపరీతమైన అన్యాయమును గలదు. బీమా సక్రమమే, సొమ్ము చెల్లినదే, రక్షణ కలదు. కాని ఇంటివారికి తెలియదు. సామూహిక బీమాలో మూలపాలసీ బ్యాంకు పేర నుండును. అప్పు తీసికొన్నవానికి రావలసినది ఒక ధ్రువపత్రము మాత్రమే. అది చేరనిచో, అట్టి రక్షణ లేనట్లే. 2015లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన రెండు పథకములను చూడుడు. 2022 జూను 1 మొదలు, ఏ కారణమున మరణించినను వర్తించు జీవనజ్యోతి బీమాకు ఏటికి 436 రూపాయలును, ప్రమాదములకు వర్తించు సురక్షా బీమాకు 20 రూపాయలును ప్రీమియముగా నిర్ణయింపబడెను. ఈ సొమ్ము పొదుపు ఖాతానుండి దానంతటదియే తగ్గును. ఒక్కొక్కదానిలో 2 లక్షల రూపాయల రక్షణ కలదు. పాసుపుస్తకములో ఆ చిన్న అంకెలను చూచి 'ఏదో బ్యాంకు ఖర్చు' అని సరిపెట్టుకొన్న యింటివారు, మరణానంతరము 2 లక్షలు అడుగక విడిచిపెట్టుదురు. 'అడుగనిదే అమ్మయినను పెట్టదు' అందురు పెద్దలు. అమ్మయే పెట్టనప్పుడు బీమా కంపెనీ వెదకికొని వచ్చి పెట్టునా?

పంటబీమాలోను కథ యిట్టిదే. కేంద్ర పథకములలో 2020 ఖరీఫునకు ముందు పంటరుణము తీసికొన్న రైతునకు బీమా నిర్బంధము. పిదపనే అది ఐచ్ఛికమైనది. నిర్బంధముగా ప్రీమియము కోసిన యేండ్లలో ఎందరు రైతుల చేతికి రసీదు వచ్చెను? ఏ గ్రామము, ఏ పంట, ఎన్ని యెకరములు అని బ్యాంకువారు వ్రాసిన వ్రాతను బట్టియే పరిహారము. వేరుసెనగ విత్తినవాని పేర వేరొక పంట వ్రాసినను, ఒక యూరికి మారుగ వేరొక యూరు పడినను, ఎండిన చేనికి చిల్లికాసు రాదు. వ్రాతను చూచిన రైతు ఆ తప్పును విత్తనపు దినములలోనే దిద్దించును. చూడనివాడు దైవమును నిందించును.

'లెక్క చూపు మని అడిగిన మాత్రమున ఏమగును?' అని కొందరు పెదవి విరుతురు. వారికి ఇంగ్లండు వృత్తాంతము చెప్పవలసియున్నది. అచ్చట బ్యాంకులు అప్పులతోపాటు చెల్లింపు రక్షణ బీమా యను దానిని అనేక సంవత్సరములు లక్షలాది జనులకు అమ్మెను. ఉద్యోగము పోయినచో వాయిదాలు కట్టునది యని చెప్పి, ఉద్యోగమే లేక స్వంత వృత్తిచేయువారికి సయితము అంటగట్టిరి. 2005లో ఒక పౌరసలహా సంస్థ ప్రభుత్వమునకు గట్టి ఫిర్యాదు చేసెను. బ్యాంకులు న్యాయస్థానమున పోరాడి 2011లో ఓడెను. 2014లో ఒక వితంతువు తెచ్చిన వ్యాజ్యమున, ఆమె కట్టిన ప్రీమియములో నూటికి 71 వంతులకు పైగా మధ్యవర్తుల కమీషనుక్రిందనే పోయెననియు, దానిని ఆమెకు చెప్పకుండుట అన్యాయ మనియు అచ్చటి సుప్రీము కోర్టు తేల్చెను. ఫిర్యాదులకు గడువు 2019 ఆగష్టు 29తో ముగిసెను. బ్యాంకులు తిరిగి యిచ్చినది ఇంచుమించు 3,800 కోట్ల పౌండ్లు.

ఈ విజయమునకు పునాది యేది? పది పదునైదేండ్లనాటి అప్పు కాగితములు జనుల యొద్ద లేవు. బీమా యున్నదో లేదో పలువురికి జ్ఞాపకమే లేదు. కాని 1998 నాటి చట్ట మొకటి, తన్ను గూర్చి దాచిన లెక్కలను చూపు మని అడుగు హక్కును ప్రతి మనుష్యునకు ఇచ్చెను. పది పౌండ్లకు మించని రుసుము. నలువది దినముల గడువు. 2018 మే మాసమునుండి ఆ రుసుమును పోయెను. జనులు జాబులు వ్రాసిరి, కాగితములు వచ్చెను, కాగితములు నోరు విప్పెను. విప్లవము కాదు, విధ్వంసము కాదు, ఒక్క జాబు.

మన దేశమున అట్టి జాబునకు మారుగ అగ్గిపుల్ల వాడిన కాలమును గలదు. 1875లో పూనా, అహమదునగరము జిల్లాల రైతులు షావుకార్ల యిండ్లపై బడి, ముఖ్యముగ వెదకినది ఋణపత్రములనే, వానిని తగులబెట్టిరి. 1879లో దొరతనమువారు చేసిన చట్టము, అప్పుపడిన రైతునకు రసీదును, ఏటేట లెక్కపత్రమును, పాసుపుస్తకమును పొందు హక్కును ఒసగెను. లెక్క చూపనిచోట నిప్పు పుట్టునని వారికి బోధపడినది. దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు కలెక్టరుగ నుండి, అనంతపురముననే నివసించిన మన్రో దొరపేరు ఈ సీమలో నేటికిని చెప్పుకొందురు. రైతువారీ పద్ధతిలో పన్ను తక్కువగ నుండినదని కాదు. తాను కట్టవలసినదెంతయో తెలుపు పట్టా రైతు చేతనే యుండెను. ఆ పట్టావంటి కాగితమునే మనము నేడు బ్యాంకులనుండి కోరుచున్నాము.

కోరుటకు ఆధారములు లేకపోలేదు. 2014లో రిజర్వు బ్యాంకు ప్రకటించిన ఖాతాదారుల హక్కుల పత్రములో పారదర్శకతయు, వాని అవసరమునకు తగిన వస్తువునే అమ్మవలెననుటయు చేరియున్నవి. 2022 నాటి సూక్ష్మరుణముల నిబంధనలు, బీమావంటివి అప్పుపడినవారి పూర్ణసమ్మతితోనే ఇయ్యవలెననియు, దాని ఖర్చు ఋణకార్డుమీదనే కనబడవలెననియు శాసించెను. 2024 అక్టోబరు 1 నుండి ఇచ్చు అప్పులకు ముఖ్యాంశముల పత్రమును ఋణగ్రహీతకు అర్థమగు భాషలో ఇయ్యవలెననియు, బీమాఖర్చును వేరుగ చూపి దాని రసీదు నిచ్చితీరవలెననియు నిబంధన వచ్చెను. పాలసీ నచ్చనిచో త్రిప్పి పంపుటకు గడువును 2024లో 30 దినములు చేసిరి. ఆ గడువు పాలసీకాగితము చేతికందిన దినమునుండి లెక్క. కాగితమే చేతికందని వానికి ఆ హక్కు ఆకాశమునందలి నక్షత్రము! ప్రభుత్వరంగ బ్యాంకులను 2005 నాటి సమాచార హక్కు చట్టముక్రింద 10 రూపాయల రుసుముతో అడుగవచ్చును. తన ఖాతాను తానే అడుగువానికి 'పరుల రహస్యము' అను సాకు చెల్లదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టము చేసిరి. 2025 నవంబరులో నియమములు ప్రకటించిరి. కాని సమాచారమడుగు హక్కు అమలునకు మరి 18 మాసముల గడువు పెట్టిరి. దేవుడు వరమిచ్చినను పూజారి వెంటనే ఇయ్యడు గదా!

ఆక్షేపణలు లేకపోవు. 'సంతకము పెట్టితిరి కదా' యందురు. అర్థము చెప్పక పెట్టించిన సంతకము సమ్మతికి గుర్తు కాదు; తొందరకు గుర్తు. 'మేనేజరు కోపగించును, మరల అప్పు పుట్టదు' అని రైతు భయపడును. ఈ భయము నిజమైనదే. దానిని మేము పరిహసింపము. కాని ఆ మేనేజరుకూడ పైవారు పెట్టిన బీమా టార్గెట్టునకు బందీ యని మరువరాదు. అడుగువారు పలువురైనచో ఆయనకును పైవారితో చెప్పుకొనుటకు ఒక మాట దొరకును. కావున వీధివారు కలిసి, సంఘమువారు కలిసి, వినయముగను వ్రాతమూలముగను అడుగవలెను. 'పదివేలకై యింత శ్రమయా?' యని మరికొందరు. పదివేలు తాడిపత్రి రాతి కూలివానికి ఎన్నిదినముల చెమటయో లెక్కించి పిమ్మట ఆ ప్రశ్న వేయవలెను. 'చూచిన పిదప బీమా సక్రమమే యని తేలినచో?' మంచిదే; ఇంటివారికి తమ రక్షణ యేమో తెలిసినది.

అసలు నేరము మన విద్యావంతులది. పెండ్లిపత్రికలో అచ్చుతప్పు కనిపెట్టి కలహించువారు, ఇంటి యప్పు కాగితములు ఒక్క పుటయైన చదువక సంతకము చేయుదురు. తాము చదువరు, చదువురాని పొరుగువానికి చదివి చెప్పరు. పూర్వము ఊరిలో ఉత్తరములు వ్రాసిపెట్టువాడు ఒకడైన నుండెడివాడు. నేడు ఇంటింట పట్టభద్రులుండియు ఆ సేవ మాసిపోయినది. ఇది సిగ్గుపడవలసిన సంగతి.

చేయవలసినది కష్టము కాదు. ప్రతి యింట అప్పు కాగితములకొక సంచి యుండవలెను. దాని సంగతి ఇల్లాలికి తప్పక తెలియవలెను, ఏలయన కడపట బీమాసొమ్మునకై తిరుగవలసినది తరచుగ ఆమెయే. బ్యాంకునకు వ్రాయు జాబులో అడుగవలసినవి ఇవి: అప్పు దరఖాస్తు నకలు, మంజూరు పత్రము, ముఖ్యాంశముల పత్రము, మొదటి దినమునుండి ఖాతా వివరము, బీమా దరఖాస్తు నకలు, బీమా ధ్రువపత్రము, కట్టిన ప్రీమియము రసీదు, నామినీ పేరు. జాబు అందినట్లు ముద్రవేయించుకొనిన నకలు దాచవలెను. ముప్పది దినములలో బదులు రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్సుమనుకు వ్రాయవచ్చును. తగవు బీమా కంపెనీతోనైనచో మొదట కంపెనీకి, పిదప హైదరాబాదునందలి బీమా అంబుడ్సుమనుకు వ్రాయవచ్చును. రెండుచోట్లను రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

చదువరులారా, ఈ మాసము మీ యింటి కాగితములను వెదకుడు. మీ పనిమనిషి పాసుపుస్తకమును ఆమె అనుమతితో చదివి చెప్పుడు. మీ రైతుచేత ఒక్క జాబు వ్రాయింపుడు. మనలను గూర్చి వ్రాసిన వ్రాతను చూచుట మనము కోరు భిక్ష కాదు. దానిని చూపుట బ్యాంకువారి ధర్మము.