మేస్త్రి యెవరు?

పాలమూరు సీమలో మేస్త్రి యను మాట యెరుగని పల్లె లేదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల బీదజనము కరవునకు వెరచి, గుంపులు గట్టి, దూరదేశముల ఆనకట్టల కడకును కాలువల కడకును మట్టిపనికి పోవుట తరతరముల కథ. ఆ గుంపును గూర్చువాడు గుంపు మేస్త్రి. ముందుసొమ్ము చేతబెట్టువాడతడే, పనిచోట తలలు లెక్కించువాడతడే, తుదకు లెక్క చెప్పువాడును అతడే. ఇంతటి యధికారము గల ఈ మాట యెక్కడినుండి వచ్చినదో విచారించుట నిష్ఫలము గాదు.

ఈ మాట మనది కాదు. 1498లో కాలికట్టు తీరమున దిగి, 1510లో గోవాను పట్టుకొనిన పోర్చుగీసువారి భాషలో ‘మెస్త్రె’ యనగా పనితనమున ఆరితేరినవాడు, పని నేర్పువాడు. దాని తల్లి లాటిను భాషలోని ‘మగిస్తెర్’. ‘మగిస్’ అనగా ఎక్కువ. కావున మగిస్తెర్ అనగా అధికుడు. దానికి ప్రతిగా, తక్కువ యను నర్థముగల ‘మినుస్’ నుండి ‘మినిస్తెర్’ పుట్టెను, అనగా సేవకుడు.

మగిస్తెర్ సంతానము యూరపు ఖండమంతటను గలదు. ఇటలీలో మాయెస్త్రో యనగా సంగీతమేళమును నడుపు ఆచార్యుడు. స్పెయినులో ఆ మాటయే బడిపంతులునకు పేరు. ఫ్రాన్సులో న్యాయవాదిని ‘మేత్ర్’ అని గౌరవించి పిలుతురు. జర్మనీలో చేతిపనుల యందు మైస్టరు కాగోరువాడు పని నేర్చి, పరీక్షలో నెగ్గవలెను. ఇంగ్లీషు మాస్టరునకు రెండు ముఖములు: విద్యార్థికి గురువు, బానిసకు యజమాని. ఒకటి విద్యచే వచ్చిన యాధిక్యము. రెండవది సొమ్ముచే వచ్చినది.

పోర్చుగీసువారి వెంట మేస్త్రియు, ఇంగ్లీషువారి వెంట మాస్టరును మేజిస్ట్రేటును మన యింటికి వచ్చిరి. బడిలోని మాస్టారును, గోడ కడనున్న తాపీ మేస్త్రియు ఒక్క తల్లి బిడ్డలే! అయినను ఒకరికి నమస్కారము, మరియొకరికి అదలింపు. సేవకుడను నర్థముగల మాట మంత్రులకు పేరై పీఠమెక్కెను. అధికుడను నర్థముగల మాట ఇటుకల ప్రక్కన నిలిచెను.

తాపీ మేస్త్రి యెడల ఈ పేరు సార్థకము. దారమునకు గుండు గట్టి గోడ వంకర కనిపెట్టువాడు విద్యచే అధికుడు. గుంపు మేస్త్రి యాధిక్యమో, ముందుసొమ్ము వలన వచ్చినది. ఆ సొమ్మైనను అతనిది గాదు; పైనున్న కంట్రాక్టరుది. సాధారణముగా అతడును ఆ పల్లె మనుష్యుడే, ఒకనాడు తట్ట మోసినవాడే. పైవాడు కూలి యెగవేసిన నాడు ఊరివారికి జవాబు చెప్పవలసినవాడు నతడే. అసలు యజమాని పేరు కూలివాని చెవిని బడదు. మేస్త్రి యను మాట యజమానికి తెరయైనది. మా యాక్షేపణ యిదియే.

శాసనములు లేకపోలేదు. 1976 నాటి చట్టము వెట్టిని నిషేధించి, దానికి మూలమైన అప్పును రద్దు చేసి, ఆ పనిని జిల్లా మేజిస్ట్రేటునకు అప్పగించెను. పరరాష్ట్రములకు పోవు కూలీల కొరకు 1979లో చేసిన చట్టము, కంట్రాక్టరు లైసెన్సు పొందవలెననియు, కూలివానికి పాసుపుస్తకమీయవలెననియు విధించెను. దానికి బదులుగా 2020లో పార్లమెంటు క్రొత్త స్మృతి నామోదించెను. కాగితము మారినంతన కూలివాని బ్రతుకు మారునా?

జూరాల, నెట్టెంపాడు, కల్వకుర్తి పథకముల నీరు చేరిన చోట వలస తగ్గినది, సంతోషమే. కాని అంతటను ఆగలేదు. 2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రములయ్యెను. అనగా మేస్త్రి జ్ఞాతియైన మేజిస్ట్రేటు ఇప్పుడు మూడు చోట్లను మన వాకిటనే యున్నాడు.

గ్రంథాలయముల చదువరులారా! మీ పఠనమందిరమున నొక పుస్తకము పెట్టుడు. ఊరువిడిచి పోవు ప్రతి గుంపునకును మేస్త్రి యెవరు, అతనిపై కంట్రాక్టరెవరు, పనిచోటేది, ముందుసొమ్మెంత, ఒప్పుకొనిన కూలియెంత యని వ్రాసి, నకలు కలెక్టరు కచేరీకి పంపుడు. మేస్త్రిని నిందించి తృప్తిపడుట సులభము. అతని పైవాని పేరడుగుట కష్టము. ఆ కష్టమైన పనియే మనము చేయవలసినది.