ముందు ఫ్రేమ్, తర్వాతే గేర్లు
సొంతంగా రోడ్ సైకిల్ కట్టించుకునేవాళ్లు ముందుగా గేర్ల గురించే అడుగుతారు, షిమానో 105 చాలా, అల్టెగ్రా కావాలా అని. ముందు చూడాల్సింది ఫ్రేమ్, అదీ మన ఒంటికి కుదిరిందా లేదా అని. గేర్లు రేపైనా మార్చుకోవచ్చు; పొడవు చాలని ఫ్రేమ్‌ను సాగదీయలేం. వంద గ్రాముల బరువు తగ్గిందని మురిసిపోయే ముందు, వెనక చక్రం దగ్గర వంగి టైరుకీ ఫ్రేమ్ గొట్టానికీ మధ్య సందు ఎంతుందో చూడండి. 25 మిల్లీమీటర్ల టైరు దగ్గరే ఆగిపోయే ఫ్రేమ్ మన రోడ్లకు పనికిరాదు, 32 పట్టాల్సిందే. లావు టైరులో గాలి కాస్త తక్కువ పెట్టుకుంటే గతుకుల దెబ్బ నడుము దాకా రాదు. ఇక ఫ్రేమ్ ఏ లోహానిదంటే, నా ఓటు స్టీలుకే. రెనాల్డ్స్ 531 అనే స్టీలు గొట్టాలు 1935లో వచ్చాయి, వాటితో కట్టిన పాత సైకిళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ మర బిగించేదే తీసుకోండి; నొక్కి కూర్చోబెట్టే రకం కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా తొక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. ఇక గేర్లంటారా, ముందు చిన్న పళ్లచక్రం 34, వెనక పెద్దది 34 ఉంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒకే చుట్టు తిరుగుతుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టను సీటు మీద నుంచి లేవకుండానే ఎక్కేయొచ్చు.