జాబునకు తాళము

జాబును మూసి పంపుట దోషమును దాచుటకు గాదు. అది గౌరవముగల గృహస్థుని స్వభావము. 1942వ సంవత్సరమున అహమ్మదునగరు కోటలో నిర్బంధితులైనవారిలో మన బందరు వైద్యులు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారును ఒకరు. ఆనాటి బందీల జాబులు అధికారులు చదివిన పిమ్మటగాని గడప దాటెడివి కావు. పరులు మన జాబును చదువుట యెంతటి అవమానమో ఆ తరమువా రెరుగుదురు. నేడు మనము బందీలము గాము. అయినను మన జాబులు తెరచియే పోవుచున్నవి.

గుడివాడ రైతు అమెరికాలోని కుమారునకు భూమి దస్తావేజును, అడంగలు నకలును, ఆధారు కార్డు ప్రతిని ఈమెయిలున పంపుచున్నాడు. దివిసీమ పెద్దలు పవరాఫ్ అటార్నీ ముసాయిదాను బందరు వకీలునకు అట్లే పంపుచున్నారు. దారిలో నుత్తరమునకు కొంత రక్షణ కలుగుచున్నమాట నిజమే. కాని అది నిలువయుండు సర్వరులో చదువదగిన రూపముననే యుండును. ఆ ఖాతా పాస్‌వర్డు నొకడు దొంగిలించెనా, పదేండ్ల దస్తావేజులును వాని చేతబడును.

దీనికి విరుగుడు లేకపోలేదు. 1991లో ఫిలిప్ జిమ్మర్‌మన్ పీజీపీ అను గూఢలేఖన సాధనమును లోకమునకిచ్చెను. ఇందు ప్రతివానికిని రెండు తాళపుచెవులు. ఒకటి అందరకు నియ్యవచ్చును. దానితో జాబునకు తాళము వేయుదురు. రెండవది తనయొద్దనే దాచుకొనవలెను. దానితోనే తాళము తీయవలెను. ముప్పదియేండ్లు దాటినను ఇది సామాన్యుల చేతికి రాలేదు. 1999లో ఇద్దరు పరిశోధకులు 12 మందికి 90 నిమిషముల గడువిచ్చి పరీక్షింపగా, మూడవవంతు మాత్రమే పనిని సరిగా నెరవేర్చిరి. కొందరు రహస్యమును బహిరంగముగనే పంపివైచిరి.

కష్టమెచ్చట నున్నది? తాళము పెట్టెతో బుట్టలేదు, పరు లతికించినది. థండర్‌బర్డ్ అను ఉత్తరముల సాధనమునకు ఎనిగ్‌మెయిల్ అను ప్లగిను పెక్కేండ్లు ఈ సేవచేసెను. అదియు స్వయముగ తాళము వేయునది గాదు. అందుకు గ్నూపీజీ అను మరియొక ప్రోగ్రాము వేరుగ నుండవలెను. కాలువగట్టు ఒకరిది, తూము మరొకరిది యైనచో, గట్టును తిరుగ పోసిననాడు తూము పట్టదు. 2020లో థండర్‌బర్డ్ 78వ కూర్పు వెలువడినపుడు జరిగిన దిదియే. పాత ప్లగినులకు చోటు లేకపోయెను. నిర్వాహకులు తాళమును లోపలనే అమర్చిరి, మంచిదే. కాని లైసెన్సుల చిక్కువలన గ్నూపీజీని తమతో చేర్చి యియ్యలేక ఆర్‌ఎన్‌పీ అను వేరొకదానిని గైకొనిరి. పాత తాళపుచెవులను క్రొత్తచోటికి తరలించు శ్రమ వాడుకరులపై బడెను.

తాళము గట్టిదైనను చాలదు. 2018 మే నెలలో వెల్లడైన ఈఫెయిల్ దోషమే యిందుకు సాక్ష్యము. దూరపు సర్వరునుండి బొమ్మలను తెప్పించు ఏర్పాటు ద్వారా, విప్పిన జాబులోని మాటలనే పరులకు చేరవేయవచ్చునని పరిశోధకులు చూపిరి. ఇక జాబు పైనుండు విషయపంక్తి వాడుకగా తాళములోనికి రాదు. దానిని దాచినచో, ఆ పద్ధతి నెరుగని సాధనము గలవానికి మూడుచుక్కలే కనబడును. ఎవ రెవరికి వ్రాసిరో యన్నది దాగనే దాగదు. రహస్యపు చెవి పోయెనా, యజమానునికే తన పాతజాబులు అందవు.

తాళములు దొంగలకును ఉపకరించునని కొందరందురు. కారణములు వ్రాసి, జాబును విప్పించు అధికారమును 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 69వ విభాగము ప్రభుత్వమున కిచ్చియే యున్నది. దొంగకు వెరచి ఊరివారి తలుపుల గడియలు తీయించుట న్యాయమా?

తాళము ప్లగినుగా గాక సాధనముతోనే పుట్టవలెననియు, చేయుటకు నొక్క మీటకన్న నెక్కువ పని యుండరాదనియు మా అభిప్రాయము. థండర్‌బర్డ్ విరాళములతో నడచుచున్నది. వాడుకొనువారు తోడ్పడుట ధర్మము. మన కళాశాలల యువకులును ఇట్టి పనికి పూనుకొనవలెను. అంతవరకు దస్తావేజులు పంపువారు ఎదుటివాని తాళపుచెవి గుర్తును ఫోనులో గొంతు విని సరిచూచుకొనుడు. రహస్యపు చెవి ప్రతి నొకటి దస్తావేజుల పెట్టెలోనే భద్రపరచుడు. పొలమునకు గట్టు వేసికొన్నవానికి జాబునకు తాళము వేసికొనుట బరువుగాదు.