స్క్రూ తిప్పితే తీరే జబ్బు కాదు

పాత గొలుసురంపం ఇంజను వింతగా అరుస్తుంటే వెంటనే కార్బురేటరు స్క్రూ తిప్పి సరిపెట్టే అలవాటు మన మెకానిక్కులలో పాతుకొనిపోయింది. ఆ అలవాటు పోవాలని నా అభిప్రాయం.

టూ-స్ట్రోక్ ఇంజనుకు క్రాంక్‌కేసు ఊపిరితిత్తి వంటిది. పిస్టన్ పైకి లేచినప్పుడు అది పెట్రోలు, ఆయిలు, గాలి కలిసిన మిశ్రమాన్ని కార్బురేటరు గుండా లోనికి పీల్చుకుంటుంది; పిస్టన్ దిగినప్పుడు ఆ మిశ్రమాన్ని పైకి నెడుతుంది. క్రాంక్‌షాఫ్టు ఇరుపక్కల ఉన్న రబ్బరు సీళ్ళు ఏళ్ళు గడిచి గట్టిపడితే, లేదా ప్యాకింగు చిట్లితే, లెక్కలో లేని గాలి దొంగదారిన చొరబడుతుంది. ఈ ఇంజనుకు వేరే కందెన లేదు. లీటరు పెట్రోలులో కలిపే 20 నుంచి 40 మిల్లీలీటర్ల ఆయిలే దిక్కు. కనుక గాలి పాలు పెరిగితే వేడి హెచ్చుతుంది, కందెన తరుగుతుంది, చివరకు పిస్టన్ పట్టేస్తుంది.

అంతకుముందే మరో ప్రమాదం పొంచి ఉంటుంది. ట్రిగ్గరు వదిలినా ఇంజను వేగం దిగదు. క్లచ్ వదలక గొలుసు తిరుగుతూనే ఉంటుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు ఉత్తరాంధ్రలో చెట్లను నేలమట్టం చేశాయి. అటువంటి కొమ్మల గుట్టల మీద, కాలు నిలవని చోట, ఆగని గొలుసును చేతబట్టిన కూలివాని స్థితి ఊహించండి.

స్క్రూ తిప్పి పెట్రోలు పెంచితే అరుపు తగ్గుతుంది, నిజమే. కాని కన్నం అలాగే ఉండి రోజురోజుకు పెద్దదవుతుంది.

పరీక్ష కష్టమైనది కాదు. కార్బురేటరు, సైలెన్సరు విప్పి ఆ రెండు ద్వారాలను రబ్బరు ముక్కలతో బిగించి, మీటరున్న చేతిపంపుతో సుమారు 7 పి.ఎస్.ఐ. ఒత్తిడి ఎక్కించాలి. ముల్లు దిగిపోతుంటే సబ్బునీళ్ళు పూయాలి. బుడగలు లేచిన చోటే కన్నం. నా పాత రంపానికి ఫ్లైవీలు వైపు సీలు వద్ద లేచాయి. ఇక్కడితో ఆగరాదు. ఒత్తిడికి నిలిచిన సీలు పీల్పుకు లొంగిపోవచ్చు. అందుచేత గాలిని బయటకు లాగి కూడా, షాఫ్టును మెల్లగా తిప్పుతూ చూడాలి.

"రోజుకూలీకి తెచ్చిన రంపం, ఒక పూట ఆపితే ఎలా?" అంటారు. ఆ ఇబ్బంది కాదనలేనిది. అయితే సీలు చిన్న రబ్బరు వస్తువు. పిస్టన్, సిలిండరు పోతే ఆ ఖర్చు దానికి ఎన్నో రెట్లు. "పాతది పారేసి కొత్తది కొనరాదా?" అనేవారూ ఉన్నారు. బేరింగు అరిగి షాఫ్టు ఊగుతుంటే కొత్త సీలూ నిలవదు. ముందు బేరింగు మార్చాలి. అది దొరకని రంపానికి మాత్రం సెలవు చెప్పవలసిందే. తక్కిన వాటిని కేవలం వయసు చూసి పారేయడం అన్యాయం.

కార్బురేటరు స్క్రూతో నాకేమీ వైరం లేదు. కన్నం పూడ్చాక, మళ్ళీ పరీక్షించి ముల్లు కదలదని రూఢి చేసుకున్నాక, దాన్ని నిదానంగా సరిచేయవలసిందే. దాని వంతు అప్పుడు వస్తుంది.